ఒకే గదిలో కంప్యూటరూ, మోర్సు కీ

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని రిసీవరు ముందు కూర్చున్నాను. రోజూ ఆ వేళకి ఎక్కడో దూరం నుంచి వినిపించే ఒక పెద్దాయన మోర్సు సంకేతాలకి బదులు చెవుల్లో గుర్రుమని ఒకటే రొద. ఉరుములప్పుడు వచ్చే చిటపటలు కావు. మోటారు తిరిగే చప్పుడూ కాదు. సన్నగా మొదలై, ఉన్నట్టుండి గొంతు మార్చుకుని, మళ్ళీ మొదటికి వస్తోంది. డయలు ఎటు తిప్పినా అదే. వెనక్కి తిరిగి చూశాను. అదే గదిలో, నాకు నాలుగడుగుల దూరంలో, మా ఆయన అంతకుముందు రోజే తెచ్చిన కంప్యూటరు ముందు వంగి కూర్చుని ఒక్కో అక్షరం వెతికి నొక్కుతున్నాడు. ఆయన మీట నొక్కినప్పుడల్లా నా చెవిలో రొద మారుతోంది.

"ఏటండీ, ఓపాలి దాన్ని ఆపుతారా?" అన్నాను.

"ఇప్పుడాపితే టైపు సేసిందంతా పోద్ది. ఆగు," అన్నాడు తల తిప్పకుండానే.

ఆగాను. మూడు దాటాక ఆయన లేచేసరికి గాలిలో నన్ను పిలిచేవాళ్ళెవరూ లేరు.

ఇది ఎనభైల నడుమ, జంషెడ్‌పూర్ తూర్పు అంచున గోవింద్‌పూర్‌లో జరిగిన సంగతి. మా ఆయన దగ్గర్లోని లారీల కార్ఖానాలో షిఫ్టు పనివాడు. మాకు రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. ముందు గదిలో మా అత్తగారి మంచం. నేను కాపరానికి వచ్చిన రెండో ఏడే ఆవిడకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తినిపించాలి, బట్ట మార్చాలి. నేను బజారుకి వెళ్ళాలంటే ఆయన ఇంట్లో ఉండాలి. ఆయన ఇంట్లో ఉండే వేళల్లో సగం నిద్రలో ఉంటాడు. అలా మెల్లగా బయటికి వెళ్ళడం మానేశాను. కూరలు గుమ్మంలోకి వచ్చేవి, పాలు గుమ్మంలోకి వచ్చేవి. చెప్పులు అరగడంలేదని ఒకరోజు చూసుకుంటే తెలిసింది.

నాకున్నది రేడియో ఒక్కటే. మా నాన్న రైల్వేలో తంతి కొట్టే ఉద్యోగి. అ ఆలతోపాటు, చుక్కలూ గీతలతో మాటలు పంపే మోర్సు కూడా నాకు ఆయనే నేర్పాడు. పెళ్ళికి ముందే పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. హామ్‌లు అంటే సర్కారు అనుమతితో, సొంత సెట్టుతో, లాభం చూసుకోకుండా ఇష్టం కొద్దీ గాలిలో ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళు. అత్తవారింటికి వచ్చేటప్పుడు నా ట్రంకుపెట్టెలో చీరల కింద ఒక పాత రిసీవరూ, నాన్న చేసిచ్చిన చిన్న ట్రాన్స్‌మిటరూ, సంకేతాలు కొట్టే మోర్సు కీ వచ్చాయి. మా ఆయన నవ్వలేదు, అది చెప్పాలి. తనే డాబా ఎక్కి యాంటెన్నా తీగ కట్టి, దాని కొస కిటికీలోంచి లోపలికి తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి రోజుకి అరగంట, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, నేను ఆ ఇంట్లో ఉండేదాన్ని కాదు.

ఆ అరగంటలో నాకు దొరికే మనిషి మా శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఎక్కడో ఉండే పెద్దాయన. రిటైరై చాన్నాళ్ళయిందని చెప్పాడు. ఆయన ముఖం నేను ఎన్నడూ చూడలేదు. కీ కొట్టే తీరుని బట్టి మనిషిని పోల్చుకుంటాం మేము. ఆయన గీతల్ని కొంచెం సాగదీసేవాడు, పనంతా అయిపోయి అరుగు మీద కూర్చున్నవాడిలా. లైసెన్సు నియమాలున్నాయి కాబట్టి ఇంటి గొడవలు మాట్లాడుకోం. వాన, ఎండ, సెట్టు సంగతి, అంతే. 'ఇక్కడ వాన' అని ఆయన కొడితే చాలు, నాకు కాసేపు ఊపిరాడేది.

ఆ అరగంట మీదికి కంప్యూటరు వచ్చి కూర్చుంది.

మా ఆయన దాన్ని ముచ్చటకి తేలేదు. పదకొండేళ్ళుగా ప్రెస్ షాపులో, రేకులు వంచే యంత్రాల మధ్య పని. ఎడమ చెవి మందగించింది. నడుం పట్టేసేది. కార్ఖానాలో కంప్యూటర్ల విభాగం పెడుతున్నారనీ, షాపులోంచి కొందరిని పరీక్ష పెట్టి తీసుకుంటారనీ నోటీసు పడింది. గల్ఫు నుంచి వచ్చిన ఒక స్నేహితుడు వాడి వదిలేసినదాన్ని ఆయన తెచ్చుకున్నాడు. చూడడానికి లావుపాటి టైపు మీటల పలక. టీవీకి తగిలిస్తే అక్షరాలు తెర మీద కనిపిస్తాయి. రాసిన ప్రోగ్రాము టేపురికార్డరులోని క్యాసెట్టులో దాచుకోవాలి. టీవీ ఉన్నది ఆ గదిలోనే, బల్ల ఉన్నది ఆ గదిలోనే. ఎ షిఫ్టు వారాల్లో ఆయన రెండింటికి ఇంటికి వచ్చి, అన్నం తిని, సరిగ్గా నా వేళకే దాని ముందు కూర్చునేవాడు. రెండింటికి పనిలోకి వెళ్ళే బి షిఫ్టు వారాల్లో మాత్రం మధ్యాహ్నాలు నావి. రాత్రి పని, సి షిఫ్టయితే, పగలు నిద్ర లేచి మళ్ళీ అదే.

ఒకరోజు హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టాను. "ఇనండి, ఎలగుందో."

కాసేపు విన్నాడు. "ఇంతేనా? మా షాపులో దీనికి వెయ్యింతలుంటాది," అని తీసేశాడు. హేళన కాదు. ఆ సన్నని రొద ఆయన చెవికి సరిగా అందనే లేదు.

రెండు నెలలు అలా గడిచాయి. పెద్దాయన పిలుపు రొద కింద ఎక్కడో ఉన్నట్టు అనిపించేది. నా పేరు పిలుస్తున్నట్టు ఒకటి రెండు అక్షరాలు తేలేవి, మునిగిపోయేవి. నేను జవాబు కొట్టినా ఆయన మాట నాకు వినపడదు. బి షిఫ్టు వారం వచ్చేసరికి పెద్దాయన నన్ను వెతకడం మానేశాడో ఏమో, ఆ వేళకి ఎవరూ ఉండడంలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం. మా ఆయన ఇరవై రోజులుగా ఒక ప్రోగ్రాము రాస్తున్నాడు, షాపులోని విడిభాగాల జాబితాని కంప్యూటరు దానంతటదే వరసలో పెట్టేది. పరీక్షనాడు దాన్నే చూపించాలని ఆశ. నేను హెడ్‌ఫోన్లలో ఉన్నాను. రొద కొంచెం తగ్గినట్టయింది. తగ్గిన ఆ సందులో పెద్దాయన వినిపించాడు. సాగదీసిన గీతలు, ఆయనే. నేను వెనక్కి చూడలేదు. కీ మీద చెయ్యి పడింది.

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే టీవీ తెర నిండా అడ్డగీతలు. టేపురికార్డరు ఇంకా తిరుగుతోంది.

"నువ్వు కొట్టావేటి?"

"కొట్టాను."

"టేపులోకి ఎక్కిత్తన్నాను! పాతదాని మీదే ఎక్కిత్తన్నాను!" ఆయన మీటలు నొక్కాడు, తీగలు పీకి పెట్టాడు, మళ్ళీ నొక్కాడు. కంప్యూటరు కదలలేదు. ఆపి, మళ్ళీ వేసి, క్యాసెట్టు వెనక్కి తిప్పి చదివించాడు. ఏమీ రాలేదు. "సబ్ ఖతం. ఇరవై దినాల పని."

"నాకు రెండు నెల్లుగా ఏటీ ఇనిపించడంలేదు. నేనేటన్నా అన్నానా?"

"నీది ఆట. నాది బతుకు."

"మీరు పొద్దున్నే గేటు దాటుతారు. పదిమందితో మాటాడతారు. నేనెక్కడికి పోతాను? ఈ తీగలోంచే పోవాలి."

ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడుకి ముందు గదిలో అత్తగారు ఉలిక్కిపడి మూలిగారు. వెళ్ళి ఆవిడని పక్కకి తిప్పాను. నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. ఆయన బయటపడే దారిని నేను చెరిపేశాను. నా దారిలో ఆయన కూర్చున్నాడు. ఇద్దరికీ ఉన్నది ఒకే గది.

కీని పాత గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశాను. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు అన్నం తినిపిస్తుంటే అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఎడమ చెయ్యి మాత్రం ఆవిడకి గట్టిదే.

"ట... క... ట... క..." అన్నారు. "ఏదీ?"

"మీకెలా తెలుసు అత్తమ్మా? మీరు నిద్రోతారు కదా ఆ వేళ."

ఆవిడ తల అడ్డంగా ఆడించారు. మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "నిద్ర... నేదు. కళ్ళు... మూత్తాను. నువ్... ఎల్తావని."

ఇన్నేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుని, గోడ అవతల నా కీ చప్పుడు వింటూ, నన్ను వెళ్ళనిచ్చారు. నేనేమో ఆవిడని నా కాలికి కట్టిన బరువు అనుకుంటున్నాను.

మర్నాడు ఆయన ఎ షిఫ్టుకి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. ముందు మెయిను స్విచ్చి ఆపేసి, రిసీవరుని, కరెంటు పోయినప్పుడు వాడుకునే పాత లారీ బ్యాటరీ మీద నడిపాను. నిశ్శబ్దం. అంటే రొద బయటిది కాదు, మా ఇంటిదే. కరెంటు వేశాను, ఇంకా నిశ్శబ్దమే. కంప్యూటరు ఒక్కటీ వేశాను. గుర్రుమంది.

కానీ రిసీవరు దగ్గర వింటూ, కంప్యూటరు తీగల్ని కదపడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అత్తగారిని దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. రిసీవరు బల్లని గుమ్మందాకా జరిపి, పొడవు తీగతో హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి పెట్టాను.

"రొద ఎక్కువైతే సెయ్యి పైకి, తగ్గితే కిందకి. సరేనా అత్తమ్మా?"

ఆవిడ ఎడమ చెయ్యి వెంటనే తల దాకా లేచింది. ఆవిడ ముఖంలో ఒక పట్టుదల కనిపించింది. పక్షవాతం తర్వాత ఆవిడని ఎవరూ ఏ పనీ అడగలేదని అప్పుడు తట్టింది.

ఆవిడ మంచం మీదుండే చిన్న ట్రాన్సిస్టరుని షార్టువేవు మీద పెట్టి కంప్యూటరు చుట్టూ తిప్పాను. దాని ప్లాస్టిక్ పెట్టె దగ్గర రొద పెట్టింది సరే. టీవీకి పోయే తీగ దగ్గర ఇంకా గట్టిగా అరిచింది. కరెంటు తీగ దగ్గరా అంతే, టేపురికార్డరు తీగ దగ్గరా అంతే. లోపల పుట్టిన రొదని ఈ తీగలన్నీ మోసుకొచ్చి గదంతా పంచుతున్నాయి. వాటికి రెండడుగుల దూరంలోంచే నా యాంటెన్నా తీగ కిటికీలోంచి దిగుతోంది. దోసిలి పట్టినట్టు ఆ రొదనంతా అది పట్టుకుంటోంది. నేను కీ కొడితే నా బలమంతా అదే దారిన ఆయన తీగల్లోకి ఎక్కుతోంది. ఆదివారం జరిగింది అదే.

టీవీ తీగని చుట్ట చుట్టి ఎత్తి పట్టుకున్నాను. అత్తగారి చెయ్యి చెవి దాకా దిగింది. టేపు తీగ పీకేశాను. భుజం దాకా దిగింది.

దీనికి ఫెర్రైటు కావాలి. రేడియోల్లో, టీవీల్లో ఉండే నల్లని రాయిలాంటి ముక్క అది. తీగని దాని చుట్టూ చుడితే ఇలాంటి రొద తీగ వెంట ముందుకి పోలేదు. అది ఊరి మధ్యనున్న సాక్‌చీ బజారులో రిపేరు దుకాణాల్లో దొరుకుతుంది. పక్క క్వార్టరు ఒడియా ఆవిడని గంటసేపు అత్తగారి దగ్గర కూర్చోమని బతిమాలి టెంపో ఎక్కాను. ఆర్నెల్లయింది నేను టెంపో ఎక్కి. గాలి ముఖానికి కొడుతుంటే మొదట ఎంత హాయిగా ఉందో, సగం దారికి వచ్చేసరికి అంత బెంగ పట్టుకుంది. మంచినీళ్ళు అందేటట్టు పెట్టానా, పక్కకి తిప్పే వేళ చెప్పానా అని. బజారులో నిలబడితే అందరూ ఎక్కడికో వెళుతున్నారు. నాకు మాత్రం వచ్చిన దారి తప్ప ఇంకో దారి గుర్తులేదు.

దుకాణంలో ముసలి సాహెబు చచ్చిపోయిన టీవీలు గుట్టపోసుకుని కూర్చున్నాడు. ఫెర్రైటు ముక్కలు కావాలన్నాను.

"ఘర్ మే కౌన్ బనాతా హై, బేటీ?" అన్నాడు, ఇంట్లో ఇలాంటి పని చేసేదెవరని.

"మై బనాతీ హూఁ," అన్నాను, నేనేనని.

ఆయన ఒకసారి కళ్ళజోడు మీంచి చూసి, ఇంకేమీ అడక్కుండా గుట్టలోకి చెయ్యి పెట్టాడు. పాత టీవీల ట్రాన్స్‌ఫార్మర్లలోంచి తీసిన నల్లని ముక్కలు ఎనిమిది, కరెంటు తీగకి వేసుకోమని రెండు కెపాసిటర్లు, టీవీకి వాడే గుండ్రని కేబులు ఒక చుట్ట సంచిలో వేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ప్రతి తీగనీ ఆ ముక్కల చుట్టూ ఏడెనిమిది చుట్లు చుట్టాను, కంప్యూటరుకి వీలైనంత దగ్గరగా. అత్తగారి చెయ్యి గుండెల దాకా దిగి అక్కడ ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు ఆడించారు. ఇంకా ఉంది అని.

మా ఆయన వచ్చి తన తీగలకి వేలాడుతున్న నల్లని ముక్కలు చూసి గతుక్కుమన్నాడు. "ఏటి సేసావు దీన్ని?"

"ఏటీ పాడవలేదు. వేసి సూడండి."

వేశాడు. తెర ఎప్పటిలా వెలిగింది. నేను జరిగింది చెప్పాను, వాళ్ళమ్మ చెయ్యి సంగతి కూడా. ఆయన ముందు గదిలోకి వెళ్ళాడు. తల్లి చెవులకి హెడ్‌ఫోన్లు ఇంకా ఉన్నాయి. కొడుకుని చూసి చేతిని గుండెల మీదికి పెట్టి, ఇంతుంది అన్నట్టు చూపించారావిడ. ఆయన మంచం అంచున కూర్చుని ఆవిడ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీశాడు.

తిరిగొచ్చి, "మిగిలింది ఎక్కణ్ణించి వత్తంది?" అన్నాడు.

"పెట్టెలోంచి. ప్లాస్టిక్ కదా, ఏదీ ఆగదు. చుట్టూ రేకు ఉండాలి."

"రేకా?" అన్నాడు. "అది నాకొదిలెయ్."

ఆ సాయంత్రం వంటింట్లోని ఖాళీ నూనె డబ్బా కోసి, పెరట్లో రాయి మీద పెట్టి వంచడం మొదలుపెట్టాడు. ఆయన పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. కొలత ఒక్కసారే తీశాడు. అంచులు గోరు గీసినట్టు మడిచాడు. కంప్యూటరు పలక సరిగ్గా దూరేటట్టు రేకు తొడుగు తయారైంది. వేడి పోవడానికి మేకుతో వరసగా చిల్లులు వేశాడు. లోపల ఏదీ రేకుకి తగలకుండా అట్ట పరిచాను. మూలలకి టంకం వేశాను. పెరట్లో ఒక ఇనప గొట్టం దిగ్గొట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి నీళ్ళు పట్టి, లావుపాటి తీగతో ఆ తొడుగుని ఎర్తు చేశాం.

మరుసటి ఆదివారం డాబా మీది యాంటెన్నాని విప్పేశాం. పెరటి గోడ అవతల డ్రైను పక్కన ఒక గొట్టం పాతి, ఇంటికి ఎంత దూరం పోగలిగితే అంత దూరంలో కట్టాం. కిటికీలోంచి వట్టి తీగ బదులు ఆ గుండ్రని కేబులు వచ్చింది. దాని మధ్య తీగ చుట్టూ రాగి జాలీ ఉంటుంది కాబట్టి గదిలోని రొద లోపలికి దూరలేదు. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది అదే.

అత్తగారి చెయ్యి దుప్పటి మీద ఆనింది. బొటనవేలు మాత్రం లేచింది. ఆ మిగిలిన కాస్తా కంప్యూటరుది కాదు, టీవీది. డయలు మీద కొద్ది కొద్ది దూరంలో ఒక్కో గుర్రు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, వాటి మధ్య సందుల్లో వినడం నేర్చుకున్నాను. పూర్తిగా పోగొట్టలేకపోయాను.

ఇంక రెండో పరీక్ష మిగిలింది. ఆయన కొత్తగా టైపు చేసిన ప్రోగ్రాముని టేపులోకి ఎక్కిస్తుంటే నేను కీ కొట్టాలి.

"కొట్టు," అన్నాడు. క్యాసెట్టు తిరుగుతోంది. నా వేళ్ళు కదల్లేదు.

"కొట్టెహె, పోతే మళ్ళీ రాత్తాను."

కొట్టాను. తెర కదల్లేదు. టేపు వెనక్కి తిప్పి చదివించాడు. ప్రతి అక్షరం ఉంది. ఆయన నన్ను చూడకుండా, "బస్. ఇంక నీ పని నీది, నా పని నాది," అన్నాడు. మా మధ్య రాజీ అంటే అదే.

పెద్దాయన దొరకడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం నా వెనక మా ఆయన టకటకా టైపు చేస్తున్నాడు. చెవుల్లో సముద్రం మీది గాలిలాంటి మామూలు హోరు. అందులోంచి సాగదీసిన గీతలు వచ్చాయి.

'చాలా రోజులైంది. సెట్టు పాడైందా?' అని అడిగాడు.

'ఇంట్లో కంప్యూటరు రొద. తగ్గించాం' అని కొట్టాను. తొందరలో ఒక అక్షరం తప్పు పడింది.

'కంప్యూటరు ఇంట్లోనా?' అని ఆశ్చర్యపోయి, 'ఇక్కడ ఉక్క' అన్నాడు.

అత్తగారికి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. "ఎవులు?" అన్నారావిడ. మన వైపాయనే అన్నాను. ఆవిడకి మోర్సు రాదు. అయినా రోజూ అయిదు నిమిషాలు ఆవిడ వంతు అయింది.

అంతవరకు బాగానే ఉంది. కానీ అరగంట అయ్యాక హెడ్‌ఫోన్లు తీస్తే అదే గది. పక్కకి తిప్పే వేళ, అన్నం వేళ, కార్ఖానా సైరను వేళ. రొద పోయాక ఆ గది ఎంత చిన్నదో ఇంకా బాగా తెలిసింది నాకు.

మా ఆయన మొదటిసారి పరీక్ష తప్పాడు. మరుసటి ఏడు నెగ్గాడు. కంప్యూటర్ల విభాగంలో, పగటిపూట జనరల్ షిఫ్టు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకి అత్తగారు నిద్రలోనే పోయారు. ఈసారి నిజంగా నిద్రలోనే. కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున్న నేను తలుపు తాళం వేసి వీధిలో నిలబడ్డాను. ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఎక్కడికో తోచలేదు. బస్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను.

ఆ వానాకాలంలో కార్ఖానావాళ్ళు ఇంటివాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూపించే రోజు ఒకటి వచ్చింది. మమ్మల్ని వరసగా నడిపించి, ఒక పెద్ద అద్దాల గోడ ముందు ఆపి, ఇదే కంప్యూటరు గది అన్నారు. కిటికీల్లేవు. అల్మారాల్లాంటి యంత్రాలు తెల్లని వెలుతురులో వరసగా ఉన్నాయి. వాటికి చల్లదనం కావాలట. మా ఆయన ఒక మూల తెర ముందు, స్వెట్టరు వేసుకుని, ప్రెస్ షాపులో వంగినట్టే వంగి కూర్చున్నాడు. అద్దం మీద తట్టాను. వినపడలేదు. యంత్రాల హోరు అంత ఉందో, ఆయన చెవే అంతో.

కాసేపటికి బయటికి వచ్చాడు. నా చీర అంచు తడిసి ఉండడం చూశాడు.

"వానొచ్చిందేటి? లోపల మాకేటీ తెలీదు," అన్నాడు.

"పొద్దుట్నుంచీ కురుత్తంది," అన్నాను.